‘అరవై రెండు మార్చి’ దొరికిందా?

ఆదివారం. పొద్దున్న తొమ్మిది ఇంకా కాలేదు. హైదరాబాద్ అబిడ్స్‌లో దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. వారమంతా బట్టలూ, చెప్పులూ, గడియారాలూ అమ్మే వీధి అది. ఇప్పుడు మాత్రం మూసిన షట్టర్ల ముందు గోనెసంచుల మూతులు విప్పుతున్నారు. ఓ మూల నీలంరంగు పట్టా పరుస్తున్నారు. పరవడం పూర్తికాకముందే ఓ పెద్దాయన వచ్చి దాని పక్కన గొంతుక్కూర్చున్నాడు. తెల్లచొక్కా, భుజాన గుడ్డసంచి, జేబులో భూతద్దం. డెబ్భై దాటి ఉంటాయి. కాసేపటికి జీన్స్ ప్యాంటు వేసుకున్న పాతికేళ్ల కుర్రాడొకడు వచ్చి ఆయన పక్కనే చతికిలబడ్డాడు. బాగున్నారా అని అడగలేదు. ఎప్పుడొచ్చారనీ అనలేదు.

‘‘అరవై రెండు మార్చి దొరికిందా మాస్టారూ?’’

‘‘ఎక్కడ బాబూ! ఏప్రిల్ కనపడింది. అది ఉన్నదే. నీకో?’’

‘‘ఫిబ్రవరి ఇంకోటి దొరికింది. మార్చి లేదు.’’

అంతే. ఇద్దరూ మళ్లీ కుప్పలో తలలు దూర్చేశారు.

దారినపోయేవాళ్లు వింటే ఇదేదో కోర్టు వాయిదాల గొడవ అనుకుంటారు. వాళ్లు మాట్లాడుతున్నది 1962 మార్చి నెల ‘చందమామ’ గురించి. ఆ ఒక్క సంచిక కోసం ఆ ఇద్దరే కాదు, ఇంకో నలుగురు కూడా ఈ ఫుట్‌పాత్ మీద ఆదివారం ఆదివారం వెతుకుతున్నారు. వాళ్లలో ఎవరికీ సొంతానికి ఆ సంచికతో పనిలేదు. ఆ కథ తర్వాత.

షట్టరు దించితే పుస్తకాల కొట్టు

ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆయనా పోయాడు, ఆ దుకాణమూ పోయింది. పేరు మాత్రం వీధికి మిగిలిపోయింది. నెహ్రూ విగ్రహం, జనరల్ పోస్టాఫీసు, జగదీశ్ మార్కెట్... నగరంలో పాతకాపులకి దారి చెప్పాలంటే ఇప్పటికీ ఇవే గుర్తులు. ఆదివారం ఇక్కడి దుకాణాలకు సెలవు. కాబట్టి వాటి ముందున్న జాగా ఆ ఒక్కరోజూ ఖాళీ. దశాబ్దాలుగా ఆ ఖాళీలోనే పాత పుస్తకాల బజారు నడుస్తోంది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే అక్కడ చిన్న కాగితం ముక్క కూడా కనిపించదు.

ఇంజినీరింగ్ ఎంట్రెన్సు గైడ్లు, బ్యాంకు పరీక్షల పుస్తకాలు, చేతన్ భగత్‌లు, వంటల పుస్తకాలు, అట్ట ఊడిన డిక్షనరీలు... చాలామందికి కనిపించే అబిడ్స్ ఇది. పిల్లాడికి సగం ధరకి లెక్కల పుస్తకం కొని, పక్కనే మొక్కజొన్న పొత్తు తిని, మధ్యాహ్నానికి ఇల్లు చేరిపోతారు. తప్పేంలేదు, బజారు బతికేది వాళ్లమీదే. కానీ ఆ కుప్పల వెనక ఇంకో అబిడ్స్ ఉంది. దాని పొద్దు ముందే పొడుస్తుంది.

అక్కడ ఎవరికీ అసలు పేర్లు లేవు. ఎవరు దేనికోసం వెతుకుతారో అదే వాళ్ల పేరు. గుడ్డసంచీ పెద్దాయన ‘చందమామ మాస్టారు’. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. జీన్స్ కుర్రాడు ‘సోవియట్’. ఊరు కడప జిల్లా, ఉద్యోగం హైటెక్ సిటీలో. మాస్కోలో తెలుగులో అచ్చయి, ఇక్కడికి ఓడెక్కి వచ్చిన ప్రగతి, రాదుగ ప్రచురణలంటే పడిచస్తాడు. ఉప్పల లక్ష్మణరావు, రా.రా. లాంటివాళ్లు అంతదూరం వెళ్లి కూర్చుని చేసిన అనువాదాలవి. 1991లో సోవియట్ యూనియన్‌తోపాటే ఆ పుస్తకాల రాకా ఆగిపోయింది. ఈ కుర్రాడు పుట్టిందే ఆ తర్వాత! వాళ్ల తాతగారింట్లో అటక మీద దొరికిన ఓ రష్యన్ పిల్లల కథల పుస్తకం పట్టించిన పిచ్చి ఇది.

‘డిటెక్టివ్ భాయ్’ది ఆటో. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో... పాకెట్ సైజు నవల ఏదైనా సరే, వెన్ను మీద అక్షరాలు చెరిగిపోయినా బొమ్మను బట్టి పేరు చెప్పేస్తాడు. ‘యువ మేడమ్’ బ్యాంకులో ఆఫీసరు. చక్రపాణి నడిపిన ‘యువ’ మాసపత్రిక దీపావళి సంచికలు, అందులో వడ్డాది పాపయ్య బొమ్మలు ఆవిడ వెతుకులాట. మొదట్లో ఆమె వస్తే కుప్ప దగ్గర మగాళ్లు కాస్త పక్కకి జరిగి దారిచ్చేవారట. ఇప్పుడు ఎవరూ జరగరు. ‘‘అప్పుడు తెలిసింది నేనూ వీళ్లలో ఒకదాన్నయ్యానని’’ అంటారావిడ నవ్వుతూ.

పరవశం పనికిరాదు

ఈ లోకానికి రాసుకోని రివాజులు కొన్ని ఉన్నాయి. ఒకరి చేతిలో ఉన్న పుస్తకం మీద ఇంకొకరు చెయ్యి వెయ్యరు. అతను కింద పెట్టేదాకా పక్కవాడు ఆకాశంకేసి చూస్తూ కూర్చోవాల్సిందే. దొరక్క దొరక్క దొరికినా మొహంలో పరవశం కనపడకూడదు. కనపడిందా, పది రూపాయల పుస్తకం అరక్షణంలో రెండొందలు! అమ్మేవాళ్లలో చాలామందికి తెలుగు చదవడం రాదు. వాళ్లు చదివేది కొనేవాడి ముఖం. అందుకే ఇక్కడ తలపండినవాళ్లు కావలసినదాన్ని మూడు పనికిరాని పుస్తకాల మధ్య దోపి, ‘‘భాయ్, చారోంకా కిత్నా?’’ అని ఆవులిస్తూ అడుగుతారు. భాయ్‌కి ఆ ఆవులింత సంగతీ తెలుసు. అయినా ఇద్దరూ ఆ నాటకం ప్రతివారం ఆడతారు.

అన్నిటికన్నా గట్టి రివాజు ఒకటుంది. మీకు అక్కర్లేని పుస్తకమే అయినా, మీ పక్కవాడు వెతుకుతున్నదైతే దాన్ని వదిలి వెళ్లకూడదు. కొని దాచాలి. ఎంతకు కొన్నారో అంతే తీసుకోవాలి. డిటెక్టివ్ భాయ్ ఆటో సీటు కింద పెట్టెలో నవలలతోపాటు ఎప్పుడూ రెండు మూడు చందమామలుంటాయి. మాస్టారి గుడ్డసంచిలో షాడోలుంటాయి. జన్మలో డిటెక్టివ్ నవల చదివినవారు కాదాయన! ఈ కట్టుబాటు దాటిన ఒకతను ఉన్నాడు. వీళ్ల దగ్గర పదికీ పాతికకీ తీసుకెళ్లి, విదేశాల్లోని తెలుగువాళ్లకి వేలల్లో అమ్ముకున్నాడు. అతనితో ఎవరూ పోట్లాడలేదు. మర్నాటి వారం నుంచి చాయ్ దగ్గర అతనికి కుర్చీ జరపడం మానేశారు. అతనికి అర్థమైంది.

చాయ్ అంటే ఇరానీ చాయే. ఎండ నడినెత్తికి ఎక్కుతుండగా అందరూ దగ్గర్లోని ఇరానీ హోటల్‌కి చేరతారు. ఆవేళ ఎవరికి పెద్ద చేప పడితే బిల్లు వాళ్లది. చలువరాతి బల్ల మీద ముందు చెమ్మ తుడుస్తారు, పేపరు పరుస్తారు, అప్పుడు పుస్తకాలు దిగుతాయి. కప్పులు మాత్రం పక్క బల్ల మీద. ఉస్మానియా బిస్కెట్ తిన్న చేత్తో పేజీ తిప్పబోయారో, మాస్టారు లెక్కల పీరియడ్‌లో చూసినట్టు చూస్తారు.

అక్కడ సాగే వాదనలు వినితీరాలి. చందమామ సేకరించేవాళ్లలోనే రెండు తెగలు. సంచికను సంచికగా, అట్టతో, ప్రకటనలతో సహా ఉంచాలనేది ఒకటి. సీరియల్ పేజీలు విడదీసి వరుసగా కలిపి బైండు చేయాలనేది రెండోది. ‘‘మీరు కసాయివాళ్లండీ’’ అంటారు మొదటివాళ్లు. ‘‘మీరు గుమాస్తాలు, కథ అక్కర్లేదు, లెక్క సరిపోతే చాలు’’ అంటారు రెండోవాళ్లు. ఈ రెండో తెగ మూలాలు మన ఇళ్లలోనే ఉన్నాయి. వారపత్రికల్లోంచి నవల పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, అట్ట వేసుకున్న అమ్మలూ పెద్దమ్మలూ లేని తెలుగిల్లు ఒకప్పుడు ఉండేదా? ఆ ఇంటి బైండులు ఇప్పుడు అబిడ్స్‌లో కనపడుతుంటాయి. కథ పేజీ వెనక సగం జోకు, సగం సబ్బు ప్రకటన. మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో ఎవరో ఒకావిడ పేరు.

పాత చందమామల్లో ఇంకో వింత ఉంటుంది. ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీలో పిల్లలు పెన్సిల్‌తో రాసుకున్న మాటలు. పంపించారో లేదో తెలియదు. మాస్టారు వాటిని రబ్బరుతో చెరపనివ్వరు.

ఎవరూ సంతకం చెయ్యని కథలు

1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన పత్రిక చందమామ. తెలుగుతోపాటే తమిళంలోనూ వచ్చింది. కొడవటిగంటి కుటుంబరావు 1980లో కన్నుమూసేదాకా దానికి వెన్నెముక. అయినా పత్రికలో ఆయన పేరు వెతికితే దొరికేది కాదు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ... మూడు తరాల పిల్లల్ని నెలనెలా నిద్రపోనివ్వని ఆ సీరియళ్లు రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. సీరియల్ మీద ఆయన పేరూ ఉండేది కాదు! ఎవరు రాశారో తెలియకుండానే తెలుగు పిల్లలు పెద్దవాళ్లైపోయారు. ఆయన 2010లో విజయవాడలో చనిపోయారు. శవాన్ని భుజాన వేసుకుని కత్తి పట్టుకు నడిచే విక్రమార్కుడి బొమ్మ వేసిన శంకర్ 2020లో వెళ్లిపోయారు. 2013 నాటికే చందమామ ప్రచురణ ఆగిపోయింది.

దాసరి సీరియళ్లు కొన్ని పుస్తకాలుగా వచ్చాయి. పాత సంచికలు స్కాన్ చేసినవి కంప్యూటర్లోనూ చూసుకోవచ్చు. మరి ఈ ఎండలో, ఈ దుమ్ములో కూర్చోవడం దేనికి? ఈ ప్రశ్న వీళ్లందరినీ ఇంట్లోవాళ్లు అడిగేదే. ‘‘చదవడానికైతే అన్నీ చదివినవే’’ అంటాడు సోవియట్. అంతకుమించి చెప్పడు. ఉద్యోగానికొచ్చిన కొత్తలో శనాదివారాలు హాస్టల్ గదిలో పడుకుని సీలింగ్ ఫ్యాను చూసేవాణ్ననీ, ఓ ఆదివారం ఊరికే ఇటొచ్చి రష్యన్ పుస్తకం అడిగితే, తెలియని ముసలాయనొకడు సంచిలోంచి తీసి చేతిలో పెట్టి ‘ఎవరో ఒకరు అడుగుతార్లే అని ఉంచాను’ అన్నాడనీ ఇంకోసారెప్పుడో చెప్పాడు. ఆ ముసలాయన గుంటూరు పెద్దాయన.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఫుట్‌పాత్ ఖాళీ అయింది. అప్పుడుగానీ వీళ్లకి ఓ సంగతి తట్టలేదు. ఏళ్ల తరబడి ప్రతి ఆదివారం భుజం భుజం రాసుకు కూర్చున్నారే తప్ప, ఒకరి ఫోన్ నంబరు ఒకరి దగ్గర లేదు! ఎవరు ఎక్కడుంటారో తెలియదు. ఎవరు ఉన్నారో, ఎవరు పోయారో అడగడానికి పేర్లే తెలియవు. మళ్లీ బజారు తెరుచుకున్న రోజున మాస్కుల మీదుగా కళ్లు చూసి గుర్తుపట్టుకున్నారు. మాస్టారు ఆ రోజే ఓ చేతిపుస్తకం కొని అందరి నంబర్లూ రాశారు. గుంటూరు పెద్దాయన మాత్రం ‘‘నాకా గొడవ లేదండీ, ఆదివారం వస్తాగా’’ అన్నారు. ఆయన దగ్గర సెల్‌ఫోను లేదు.

ఖాకీ వెన్ను

పెద్దాయనది బైండు తెగే అయినా, దానిలో వేరే శాఖ. సంచికలు చింపేవారు కాదు. ఆరేసి నెలలు కలిపి సొంతంగా కుట్టుకునేవారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపి, వెన్నుకి ఖాకీగుడ్డ అతికించి, దానిమీద తెల్లరంగుతో సంవత్సరం రాసేవారు. ఆ పనితనం చూడ్డానికి అమ్మేవాళ్లు కూడా చేతికి తీసుకునేవారు.

ఆ తర్వాతొక చలికాలంలో ఆయన వరసగా నాలుగు వారాలు రాలేదు. అయిదోవారం మాస్టారు వెళ్లేసరికి పట్టా పరిచే భాయ్ పట్టా పరవలేదు. ఓ గోనెసంచీ మూతి కట్టింది కట్టినట్టే పక్కన పెట్టి కూర్చున్నాడు. ‘‘పైలే ఆప్ దేఖో, మాస్టర్ సాబ్’’ అన్నాడు.

సంచిలో ఖాకీ వెన్నులు. మొత్తం పదిహేడు.

పుస్తకాలు అబిడ్స్‌కి వచ్చే దారి అందరికీ తెలిసిందే. ఇల్లు ఖాళీ చేస్తారు. పాతపేపర్లవాడు తూకానికి తీసుకుంటాడు. గోడౌన్లో వేరు చేస్తారు. కిలోల లెక్కన వచ్చింది ఫుట్‌పాత్ మీద పుస్తకం లెక్కన అమ్ముడుపోతుంది. ఈ లోకంలో ప్రతివాడికీ ఈ దారి తెలుసు. తన పుస్తకాలు కూడా ఏదో ఒకనాడు ఇదే దారిన రావచ్చనీ తెలుసు. దాని గురించి చాయ్ దగ్గర జోకులేసుకుంటారు కూడా. ఆవేళ ఎవరూ జోకు వెయ్యలేదు.

వేరే ఎవరికైనా ఒక్కో వాల్యూమ్ విడిగా అమ్మితే భాయ్‌కి ఎంత వచ్చేదో అతనికి బాగా తెలుసు. తను గోడౌన్లో ఇచ్చిన డబ్బు మాత్రం తీసుకున్నాడు. డబ్బు అయిదుగురు వేసుకున్నారు. తర్వాత అసలు గొడవ మొదలైంది. అయిదు వాటాలుగా పంచుకుందామని ఒకరు. విడగొడితే ఆయన అరవయ్యేళ్ల పని పాడవుతుందని ఇంకొకరు. గొంతులు లేచాయి. యువ మేడమ్ లేచి వెళ్లిపోయి, మళ్లీ తిరిగొచ్చారు. చివరికి డిటెక్టివ్ భాయ్, ఆ పుస్తకాల్లో ఒక్క పేజీ కూడా అతనికి అక్కర్లేదు, సంచీ ఎత్తి ఆటోలో పెట్టుకుని ‘‘మాస్టారూ, మీ ఇల్లెక్కడ?’’ అని అడిగాడు. అన్నేళ్లలో వాళ్లలో ఒకరింటికి ఇంకొకరు వెళ్లడం అదే మొదటిసారి.

మాస్టారి భార్య గుమ్మంలో నిలబడి సంచీ చూశారు. ‘‘ఉన్నవి చాలవా’’ అని ఆవిడ అనడానికే సిద్ధంగా ఉన్నారు. సంగతి విని, ఏమీ అనకుండా లోపలికెళ్లి గోడ అలమరలో ఓ అర మీదున్న స్టీలు గిన్నెలు దింపడం మొదలుపెట్టారు.

పాతపేపర్లవాణ్ని పట్టుకుని, వీధి కనుక్కుని, పెద్దాయన కొడుకు దగ్గరికీ వెళ్లారు. ఆయన తెల్లబోయాడు. నాన్న ఆదివారం పొద్దున్నే ఎక్కడికో వెళ్తారని తెలుసుగానీ, అక్కడ ఇంతమంది ఉన్నారని తెలియదన్నాడు. కాసేపు కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, ‘‘మీ దగ్గరే ఉండనివ్వండి’’ అన్నాడు. ఆ కొడుకును తప్పుపట్టడానికి లేదు. రెండు గదుల ఫ్లాట్‌లో, ఇద్దరు పిల్లల బీరువాల మధ్య, తెలుగు చదవడం అంతంతమాత్రంగా వచ్చిన ఇంట్లో పదిహేడు వాల్యూములు ఎక్కడ పెట్టుకుంటాడు?

ఆ రాత్రి మాస్టారు ఒక్కోటీ దులిపి చూశారు. ఎండిన వేపాకులు రాలాయి. 1962 జనవరి నుంచి జూన్ దాకా ఉన్న వాల్యూములో ఫిబ్రవరి తర్వాత కథ లేదు. ఒక సంచికంత మందాన తెల్లకాగితాలు కుట్టి ఉన్నాయి. ఆ తర్వాత ఏప్రిల్. దొరికినప్పుడు కాగితాలు తీసి సంచిక పెడితే వెన్ను వదులవకుండా ఉండటానికి ఆయన చేసుకున్న ఏర్పాటది. మొదటి తెల్లకాగితం మీద పెన్సిల్‌తో ఒక్క మాట ఉంది.

‘మార్చి - రావాలి.’

మిగిలిన పదహారు వాల్యూముల్లో ఎక్కడా ఖాళీ లేదు.

ఎండ నడినెత్తికి

పదకొండయ్యేసరికి అబిడ్స్ నిండిపోతుంది. పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న నాన్నలు, కాలేజీ అమ్మాయిలు, పోటీ పరీక్షల కుర్రాళ్లు. ‘‘ఏదైనా పాతికే, ఏదైనా పాతికే’’ అని ఓ కుప్ప దగ్గర కేక. తెలుగు పుస్తకాల కుప్పలు మునుపటికన్నా చిన్నవయ్యాయని పాతవాళ్లు గొణుగుతారు. నిజమే కావచ్చు. ఢిల్లీ దరియాగంజ్‌లో ఇలాంటి ఆదివారం బజారునే 2019లో హైకోర్టు ఉత్తర్వుతో ఫుట్‌పాత్ మీంచి లేపి, మహిళా హాట్ ఆవరణకు మార్చారు. ఇక్కడా ఎప్పుడో ఒకప్పుడు అంతేనేమోనన్న బెంగ అమ్మేవాళ్లకీ ఉంది, కొనేవాళ్లకీ ఉంది.

ఆవేళ పెద్ద చేప యువ మేడమ్‌కి పడింది. వపా బొమ్మ చెక్కుచెదరని దీపావళి సంచిక. బిల్లు ఆవిడదే. చాయ్‌లు వచ్చాయి, కప్పులు పక్క బల్ల మీదికి వెళ్లాయి. అంతలో ఓ కొత్త మనిషి, నలభై ఏళ్లుంటాయి, చేతిలో అట్టలేని బాలమిత్రలు రెండు పట్టుకుని బల్ల దగ్గర తటపటాయిస్తూ నిలబడ్డాడు. ‘‘ఇవి ఎక్కువ దొరికేది ఎక్కడండీ?’’ అని అడిగాడు.

మాస్టారు భూతద్దం జేబులో పెట్టుకుని కుర్చీ జరిపారు. ‘‘కూర్చోండి. మీకు ఏ సంవత్సరాలు కావాలి?’’

అతను చెప్పాడు. సోవియట్ చేతిపుస్తకంలో రాసుకున్నాడు. రాసుకుని, ‘‘మీరు వెతికేటప్పుడు ఒకటి చూసిపెట్టాలి సార్’’ అన్నాడు. ‘‘చందమామ. అరవై రెండు మార్చి.’’